కూర్చునే చోటు

మోటారు సైకిలు గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగినా రాయగలదాన్ని కాను. క్లచ్చుకీ బ్రేకుకీ తేడా నాకు నలభై దాటాక తెలిసింది. అదీ మా తమ్ముడు పదిసార్లు చెప్పాక. కానీ పోయిన ఎండాకాలంలో ఒక సీటు నన్ను తిరుపతి సందుల్లో వారం రోజులు తిప్పింది. తిప్పి ఊరుకోక పుస్తకాల బీరువా ముందు కూడా నిలబెట్టింది. నవలలు రాసుకునేదానికి చరిత్రతో ఏం పని అంటారా? నిజమే. అయితే నేను వెతికింది రాజుల్ని కాదు. ఎవరు దేని మీద కూర్చున్నారు, ఎవరు నిలబడే ఉండిపోయారు అన్నదొక్కటే నాక్కావలసింది.

మా నాయనకి ఒక బుల్లెట్టు ఉండేది. చిత్తూరు నుంచి తిరుపతికి డెబ్భై కిలోమీటర్ల దారి. ఆ దారి మొత్తం దాని శబ్దానికి అలవాటు పడిపోయిందని మా అమ్మ అనేది. నాయనకి నడుం నొప్పి. బండితో వచ్చిన సీటు ఆయనకి పడలేదు. దాన్ని పీకించి, కింద రెండు స్ప్రింగులతో తోలు సీటు ఒకటి చేయించుకున్నాడు. చిన్నప్పుడు నేను పెట్రోలు ట్యాంకు మీద కూర్చునేదాన్ని గనక నాకా సీటుతో పరిచయం తక్కువ. దాని వాసన మాత్రం తెలుసు. నూనె, చెమట, ఎండ కలిసిన వాసన.

నాయన పోయాక బండి పశువుల కొట్టంలో చేరింది. ఏళ్ళ తరబడి కోళ్ళు దాని మీద పడుకున్నాయి. మొన్న మా తమ్ముడికి హఠాత్తుగా పితృభక్తి పుట్టుకొచ్చి ఇంజను విప్పించాడు, రంగు వేయించాడు. సీటు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. బజారులో ఏ దుకాణానికి పోయినా గంటలో స్పాంజీ పెట్టి రెక్సిన్ తొడిగి ఇస్తామన్నారు. వాడు ససేమిరా అన్నాడు. "నాయనది తోలు సీటక్కా, తోలే కావాల" అని పట్టుబట్టాడు. చివరికి గోవిందరాజస్వామి గుడి వెనక సందుల్లో ఒక పెద్దాయన ఉన్నాడని ఎవరో చెబితే, పాత సీటు సంచిలో వేసుకుని ఇద్దరం పోయాం.

ఆయన సీటును ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు వేళ్ళతో తడిమాడు. "దీని కత అయిపాయ తల్లీ" అన్నాడు. "ఇన్నేండ్లు నూనె చూపించకుండా ఎండలో పెడితే మనిషైనా పగల్తాడు, తోలు పగలదా?" పైతోలు విప్పితే లోపల కొబ్బరి పీచు. ఆ పీచు మధ్యలో పల్లంగా అణిగిపోయి ఉంది. ఎడమ వైపు కొంచెం ఎక్కువగా. నాయన ఎడమ వైపుకి ఒరిగి కూర్చునేవాడు. మా తమ్ముడు మొహం తిప్పుకున్నాడు. నేనూ ఏం మాట్లాడలేదు.

"పాతది పారేయొద్దు, కొలతకి పనికొస్తుంది" అని ఆయన దాన్ని దినపత్రిక మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసుకున్నాడు. అలా మొదలైంది పని. నేను రోజూ పోయి ఒక స్టూలు మీద కూర్చుని చూసేదాన్ని.

ఈ మోటారు సైకిలు సీటుకి పుట్టిల్లు గుర్రం వీపు. 1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ అనే ఇద్దరు కలిసి కొయ్య చట్రానికి పెట్రోలు ఇంజను బిగించి, పైన అచ్చంగా గుర్రపు జీను లాంటి తోలు సీటు పెట్టారు. లోకంలో మొదటి మోటారు సైకిలు అదే అంటారు. డైమ్లర్ కొడుకు పాల్, పదహారేళ్ళ కుర్రాడు, ఆ నవంబరులో దాన్ని పక్క ఊరిదాకా నడిపాడు. దారిలో సీటు అంటుకుంది! ఇంజనును మండించే వేడి గొట్టం సరిగ్గా సీటు కింద ఉండేది మరి. బండిని కనిపెట్టిన మహానుభావులు దాని మీద కూర్చునేవాడి సంగతి ఆఖర్న ఆలోచించారన్న మాట. ఈ అలవాటు ఒక్క జర్మన్లది కాదని ముందు ముందు చూస్తారు.

సీటును సీటుగా పట్టించుకున్నవాడు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో గుర్రపు సామాను అమ్ముకునే జాన్ బోల్ట్‌బీ బ్రూక్స్. 1866లో తోలు వ్యాపారం మొదలుపెట్టాడు. తన గుర్రం చచ్చిపోతే ఒక సైకిలు ఎరువు తెచ్చుకుని తొక్కాడట. ఆ సీటు పెట్టిన బాధ భరించలేక తానే కొత్త సీటుకి పూనుకుని 1882లో పేటెంటు తీసుకున్నాడు. కిటుకు చిన్నదే. మందపాటి తోలును ఇనుప చట్రం మీద ఊయలలాగా సాగదీసి బిగించడం. కూర్చోగా కూర్చోగా తోలే మనిషి ఆకారం తెచ్చుకుంటుంది. తర్వాత ఎన్నో ఏళ్ళు మోటారు సైకిళ్ళకీ ఇలాంటి సీట్లే వేశారు.

ఇక మన బుల్లెట్టు సంగతి. రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ పుట్టింది ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్నంలో. ఆ ఊరు ఒకప్పుడు లోకానికంతటికీ కుట్టుసూదులు చేసి పంపిన ఊరు. సూదుల కార్ఖానా నుంచి సైకిళ్ళు, సైకిళ్ళ నుంచి మోటారు సైకిళ్ళు. బుల్లెట్టు అనే పేరు 1932లో పెట్టారు. మన ప్రభుత్వం సైన్యానికని బండ్లు కొనడంతో 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా వెలిసి, తిరువొత్తియూరులో బండ్లు తయారు కావడం మొదలైంది. పుట్టిన ఊళ్ళో కంపెనీ 1970 నాటికి మూతబడింది. పెంచుకున్న ఊళ్ళో ఇప్పటికీ బతికి ఉంది. సూదుల ఊరి బండికి తిరుపతి సందులో సూదితో సీటు కుడుతుంటే నాకు ముచ్చటేసింది.

ఆ కుట్టు చెప్పుకోదగ్గది. పెద్దాయన ముందుగా తోలును నీళ్ళలో నానబెట్టాడు. మెత్తబడ్డాక సీటు రేకు మీద పరిచి, అరచేత్తో నొక్కి నొక్కి, తాడుతో చుట్టూ బిగించి రెండు రోజులు నీడన వదిలేశాడు. ఆరేసరికి ఆ వంపులన్నీ తోలుకి పుట్టుకతోనే వచ్చినట్టు అమిరిపోయాయి. తర్వాత ఆరెతో వరసగా రంధ్రాలు పొడిచాడు. ఒకే దారానికి రెండు కొసల్లో రెండు సూదులు. దారానికి మైనం. ఒక్కో రంధ్రంలో ఇవతల నుంచి ఒక సూది, అవతల నుంచి ఇంకో సూది. రెండూ ఒకదాన్నొకటి దాటుకుని పోతాయి.

"మిషను కుట్టు ఒక చోట తెగితే అట్టనే ఊడిపోతా పోతాది. దీంట్లో ఒక దారం తెగినా రెండోది పట్టుకోనుంటాది" అన్నాడు.

గుర్రపు జీనులు కుట్టే పద్ధతి ఇదే. మన సీమలో జీనులకేం తక్కువ? చంద్రగిరిలో విజయనగర రాజులున్న రోజులు, పాలెగాళ్ళ రోజులు, తర్వాత మైసూరు సైన్యాలు. హైదరాలీ 1782 డిసెంబరు 7న ప్రాణం విడిచింది కూడా చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులోనే. అంతటి దండులో ఎన్ని గుర్రాలుండాలి? ఎన్ని జీనులు, ఎన్ని కళ్ళేలు, ఎన్ని నీళ్ళ తిత్తులు? హైదరాలీ శవాన్ని ముందు కోలారుకి, ఆ పైన శ్రీరంగపట్నానికి తీసుకుపోయారని చరిత్రకారులు జాగ్రత్తగా రాశారు. ఆ జీనులు కుట్టినవాళ్ళ పేరు ఒక్కటి నాకు కనబడలేదు.

తోలు ఎక్కణ్ణించి తెచ్చావని అడిగితే, తమిళనాడు నుంచి తెప్పించిన బెరడు తోలు అన్నాడు. బెరడంటే మన తంగేడు బెరడు. గట్ల మీద పచ్చగా పూసే తంగేడును మనం పూలచెట్టుగానే చూస్తాం. తెలంగాణ రాష్ట్రం దాన్ని రాష్ట్ర పుష్పం చేసుకుంది కూడా. కానీ దక్షిణాది తోలు పరిశ్రమ అంతా ఆ బెరడు మీదే నిలబడింది. పచ్చితోలును సున్నపు నీళ్ళలో వేసి వెంట్రుకలు రాల్చి, కండ గీకి, తంగేడు బెరడు రసంలో ఊరబెట్టి, కరక్కాయ పట్టించి, కానుగ నూనె రాస్తే కుళ్ళే చర్మం కుళ్ళని తోలవుతుంది. ఇలా ఊనిన తోళ్ళు మద్రాసు రేవు నుంచి ఓడలెక్కేవి. 1914లో మొదలైన మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు సిపాయిల బూట్లకి మన మద్రాసు తోలు వాడారు. చిత్తూరు 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాలోదే. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట తోలు కార్ఖానాలు మనకి ఇరుగుపొరుగే.

అయితే బెరడు తోలుకి ఒక లోపం ఉంది. ఎప్పుడూ నీళ్ళలో నానితే చివికిపోతుంది. ఈ లోపం ఎవరికి తగిలిందనుకున్నారు? మన రైతులకి. కరెంటు మోటార్లు రాకముందు బావుల్లో నీళ్ళు తోడింది కపిల. ఎద్దులు ఏటవాలు దారిలో తాడు లాగుతుంటే బావిలోంచి తోలు తొండం నీళ్ళతో పైకొచ్చి కాలవలో కుమ్మరించేది. ఆ తోలు ఊరికే పాడైపోయేది. మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు, 1903 ప్రాంతంలో క్రోమియం లవణాలతో తోలు ఊనే పద్ధతిని ఇక్కడ ప్రయోగించి చూశాడు. ఆయన మనసులో ఉన్న వస్తువుల్లో ముఖ్యమైనది ఈ కపిల తోలే. మద్రాసు పోయే రైల్లో క్రోమ్‌పేట అని స్టేషను వస్తుంది చూడండి, ఆ పేరు కూడా అక్కడ పెట్టిన క్రోమ్ తోలు కంపెనీ నుంచి వచ్చిందే.

కపిల మాట రాగానే నాకు మా జేజి గుర్తొచ్చింది. చిత్తూరు దగ్గర మా పల్లెలో మా బావికీ కపిల ఉండేదట. తొండం చిరిగితే మాదిగవాడ నుంచి ఒకాయన వచ్చి కుట్టేవాడు. పంట రాగానే ఆయన వాటా గింజలు ఆయనకి కొలిచేవాళ్ళు. అంతవరకు జేజి గొప్పగా చెప్పేది. ఒకసారి నేను, అప్పుడు ఎనిమిదేళ్ళుంటాయేమో, "ఆయనకి దప్పికైతే?" అని అడిగాను.

"ఏముండాది? దూరంగా వంగి దోసిలి పడితే పైనించి పోసేవాళ్ళం" అంది జేజి, తాంబూలం నములుతూ.

ఆయన కుట్టిన తోలులోంచి వచ్చిన నీళ్ళు. ఆ నీళ్ళతోనే మా వరి పండింది, మా అరటి గెల వేసింది. ఎండపూట కాలవలో ఆ నీళ్ళే మా వాళ్ళంతా దోసిళ్ళతో తాగారు. ఆ తోలును మైల అనలేదు, దాంట్లోంచి జారిన నీళ్ళను మైల అనలేదు. కుట్టిన చెయ్యి మాత్రం బావి గట్టు తాకరాదు. మా జేజి చెడ్డ మనిషి కాదు. ఊళ్ళో ఎవరికి జ్వరం వచ్చినా కషాయం కాచి పంపేది. అయినా ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నమలడం ఆగలేదు. నాకిప్పటికీ గుచ్చుకునేది అదే.

చెప్పులు కుట్టినవాడు పెద్ద వీధిలో తన చెప్పులు చేత పట్టుకుని నడవాలి. జీను కుట్టినవాడు గుర్రమెక్కరాదు. మృదంగానికి, డోలుకి తోలు మూసినవాడు ఆ మోత గుడి బయట నుంచే వినాలి. తోలు లోపలికి పోయింది, మనిషి బయట ఉండిపోయాడు.

తిరుపతి వాళ్ళకి ఈ మాట ఇంకా దగ్గరిది. అలిపిరి దగ్గర పాదాల మండపం చూడనివాళ్ళుండరు. కొండెక్కే ముందు భక్తులు స్వామి పాదుకల్ని తలమీద పెట్టుకుని ప్రదక్షిణం చేస్తారు. ఇప్పుడవి లోహపువి. స్వామికి తోలు చెప్పులు సమర్పించే ఆచారం గురించి మా వైపు ఒక కథ చెబుతారు. స్వామి రోజూ రాత్రి కొండ దిగి తిరుచానూరులో అమ్మవారి దగ్గరికి నడిచి పోతాడట. అందుకే చెప్పులు అరుగుతాయట. వేరు వేరు ఊళ్ళలో ఉన్న ఇద్దరు చెప్పులు కుట్టేవాళ్ళకి కలలో కనబడి, ఒకరికి కుడి చెప్పు, ఒకరికి ఎడమ చెప్పు చెయ్యమంటాడట. ఒకరి మొహం ఒకరు చూడకుండా కుట్టినా, తెచ్చి పక్కపక్కన పెడితే రెండూ సరిజోడు!

ఎంత ముచ్చటైన కథ! దేవుడు కొలతలు చెప్పింది ఎవరికి? ఊరు దూరం పెట్టినవాళ్ళకి. కలలోకి పోయి మరీ చెప్పాడు. మరి ఆ ఇద్దరూ తాము కుట్టిన చెప్పుల వెనకాలే గర్భగుడి దాకా పోగలిగారా అంటే కథ అక్కడ గుటకలు మింగుతుంది. 1941లో జాషువ 'గబ్బిలం' రాశాడు. తోళ్ళ పని చేసుకు బతికే కులంలో పుట్టినవాడు తన మొర శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలమే ఎందుకంటే, అది గుడిలోకి పోగలదు, తాను పోలేడు. కొండమీదికి మొదటి ఘాటు రోడ్డు వేసింది 1944లో. మోటార్లకి దారి దొరికింది. మన జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోది. అందరికీ గుడి తలుపులు తెరవాలన్న చట్టం ఆ రాష్ట్రంలో 1947లో వచ్చింది. మోటారు కారు తర్వాత మూడేళ్ళకి మనిషి! 1950లో రాజ్యాంగం అంటరానితనాన్నే రద్దు చేసింది. 1955లో దానికి శిక్షలు పెడుతూ చట్టం వచ్చింది. ఆ 1955లోనే మద్రాసులో బుల్లెట్టు కూడా మొదలైంది. బండి దూసుకుపోయినంత వేగంగా చట్టం ఊళ్ళలోకి పోలేదని వేరే చెప్పాలా?

తోలు పట్టుకుంటే చదువుకున్నవాడి పరువు పోతుందన్న భయాన్ని కొంతైనా తుడిచినవాడు ఒక తెలుగువాడే. యలవర్తి నాయుడమ్మ 1922లో తెనాలి దగ్గర యలవర్రులో రైతు ఇంట పుట్టాడు. కాశీలో, ఆ పైన అమెరికాలో చదివి, మద్రాసులో 1948లో పెట్టిన కేంద్ర తోలు పరిశోధన సంస్థకి 1958లో డైరెక్టరయ్యాడు. తోలు పనిని శాస్త్రంగా నిలబెట్టాడు. 1985 జూన్ 23న కనిష్క విమానాన్ని బాంబుతో పేల్చేసినప్పుడు అందులో ఆయనా ఉన్నాడు.

కానీ శాస్త్రం పెరిగినకొద్దీ సందులోని ఆరెకి పని తగ్గింది. ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గర చేసిన నకిలీ తోలుకి రెక్సిన్ అని పేరు పెట్టుకున్నారు. ఆ ఒక్క కంపెనీ పేరు మనకి అలాంటి బట్టలన్నిటికీ పేరైంది. చవక, వానకి తడవదు, నూనె అడగదు, అన్నిటికీ మించి మైల లేదు. మన ఇళ్ళలో కుర్చీలు, సోఫాలు, బస్సు సీట్లు, బండి సీట్లు అన్నీ అదే తొడుక్కున్నాయి. "మా పిల్లోడు బెంగుళూరులో కంప్యూటరు పని చేస్తాండాడు. ఆరె పట్టుకోమని నేను చెప్పలేదు, వాడూ పట్టుకోలేదు" అన్నాడు పెద్దాయన. అందులో బాధ ఎంతో, సంతోషం ఎంతో నేను తూచలేకపోయాను. కళ అంతరించిపోతోందని నాలాంటివాళ్ళు వ్యాసాలు రాయడం తేలిక. ఆ కళ ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టిందో చూసుకున్నాకే ఏడవాలి.

ఏడో రోజు పెద్దాయన సీటు బిగించడానికి తానే మా ఇంటికి వచ్చాడు. రాగి రివిట్లు కొట్టి, స్ప్రింగులు పెట్టి, కానుగ నూనె చుక్క గుడ్డతో రుద్ది, "చూసుకో నాయనా" అన్నాడు. తేనె రంగు సీటు, చుట్టూ తెల్లటి కుట్టు. మా తమ్ముడు పొంగిపోయి, "ముందు నువ్వే కూర్చో పెద్దాయనా" అన్నాడు.

"వద్దొద్దు" అన్నాడాయన నవ్వుతూ. "కొత్త తోలు బిడ్డ మాదిరి. ముందు ఎవురు కూర్చుంటే వాళ్ళ వాలకం పట్టుకుంటాది. నా వాలకం నీకెందుకు? నువ్వే కూర్చో."

తమ్ముడు కూర్చున్నాడు. కొంచెం ఎడమ వైపుకి ఒరిగాడు. మా అమ్మ గుమ్మంలోంచి చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వాడు బండి స్టార్టు చేసి వీధి చివరిదాకా పోయాడు. అప్పుడు చూశాను. పెద్దాయన మా వరండా మెట్టు మీద, నేల మీద కూర్చుని సామాన్లు సర్దుకుంటున్నాడు. వచ్చినప్పటి నుంచీ అక్కడే ఉన్నాడు. వారం రోజులు ఆయన దుకాణంలో కూడా ఉన్న ఒక్క స్టూలు మీద నేను కూర్చున్నాను, ఆయన కింద కూర్చున్నాడు. పని అలాంటిది గదా అనుకున్నాను. ఇక్కడ పని అయిపోయిందిగా? చరిత్రలో ఎవరు ఎక్కడ కూర్చున్నారని పుస్తకాలు తిరగేసినదాన్ని, నా ఇంటి మెట్టు నాకు కనబడలేదు. మా జేజి నమలడం ఆపలేదని ఇంతకు ముందు రాశాను. ఆ వాక్యం కొట్టేసి మళ్ళీ రాయాలేమో.

లోపలికి పోయి కుర్చీ తెచ్చి వేశాను. "పైకి లేచి కూర్చో పెద్దాయనా, కాఫీ తాగుదాం" అన్నాను. ఆయన నా వైపు చూశాడు, కుర్చీ వైపు చూశాడు. లేచి, కూర్చోకుండా, వంగి కుర్చీ సీటును బొటనవేలితో నొక్కాడు.

"రెక్సినమ్మా ఇది" అన్నాడు జాలిగా. తర్వాత కూర్చున్నాడు.